మూత్రంలో కీటోన్లు: ఇంట్లో స్ట్రిప్‌తో ఎలా చూడాలి, రంగును ఎలా చదవాలి?

శివరాత్రి తెల్లవారి మా చిన్నమ్మ మూత్రం రిపోర్టులో ‘కీటోన్లు ++’ అని వచ్చింది. ఇంటిల్లిపాదీ బెంబేలు. నిన్నంతా ఒక్కపొద్దు, రాత్రి వేయిస్తంభాల గుడి దగ్గర జాగారం, అదే ఖాళీ కడుపుతో ల్యాబ్‌కు పోయింది మరి! ఆమెకు షుగర్ లేదు. తిండి లేనప్పుడు ఒళ్లు కొవ్వును కరిగించి వాడుకుంటుంది, అప్పుడు పుట్టేవే కీటోన్లు. రెండు పూటలు అన్నం తిన్నాక చూస్తే మాయం.

అవే రెండు ప్లస్సులు ఇన్సులిన్ తీసుకునే మనిషికి, షుగర్ 300 ఉన్నప్పుడు వస్తే మాత్రం కథ వేరు. రక్తంలో చక్కెర నిండుగా ఉన్నా ఇన్సులిన్ చాలక కణాల్లోకి పోవట్లేదన్నమాట. కీటోన్లు పేరుకుని రక్తం ఆమ్లంగా మారే గండం (కీటోఅసిడోసిస్) ఇదే కావచ్చు. అందుకే ఇన్సులిన్ వాడేవాళ్లు షుగర్ 250 దాటినా, జ్వరమో వాంతులో పట్టుకున్నా ఈ పరీక్ష చేసుకోవాలి.

1. ముందు స్ట్రిప్‌ల డబ్బా మీద తేదీ చూడండి. మూత తీసిన రోజు పెన్నుతో రాసుకోండి; తెరిచాక చాలా రకాలు ఆరు నెలలకు మించి పనికిరావు. సాధారణంగా వీటిని 30 డిగ్రీల లోపు ఉంచమంటారు. వరంగల్ ఎండల్లో కిటికీ పక్కన పెడితే ఇక అంతే. బాత్రూంలో తేమ, అక్కడా వద్దు. పాడైన స్ట్రిప్ కీటోన్లు ఉన్నా లేవని చూపిస్తుంది.

2. శుభ్రమైన కప్పులో అప్పుడే పోసిన మూత్రం పట్టి, స్ట్రిప్‌ను ముంచి వెంటనే తీయండి. అంచును కప్పుకు ఆనించి లాగితే ఎక్కువ తడి పోతుంది.

3. డబ్బా మీద రాసినన్ని సెకన్లు ఆగండి. కొన్నింటికి 15, కొన్నింటికి 40. ఆలస్యమైతే రంగు ముదురుతుంది, లెక్క తప్పుతుంది. ట్యూబ్‌లైట్ కన్నా పగటి వెలుతురు మేలు.

లేత గోధుమ రంగు అలాగే ఉంటే కీటోన్లు లేవు. గులాబీకి తిరిగితే కొద్దిగా, డెసిలీటరుకు 15 మిల్లీగ్రాముల దాకా. వంకాయ రంగు కమ్మితే 40, ఇంకా ముదిరితే 80, ఆపైన. షుగర్ ఉన్నవాళ్లకు 15 దగ్గర ఉంటే నీళ్లు బాగా తాగి, డాక్టర్ చెప్పిన ఇన్సులిన్ వేసుకుని రెండు మూడు గంటలకు మళ్లీ చూడాలి. 40 గానీ ఆపైన గానీ ఉంటే ఆగకుండా ఆస్పత్రికే. తినలేకపోతున్నామని ఇన్సులిన్ మానేయడం అన్నిటికంటే పెద్ద పొరపాటు.

ఈ స్ట్రిప్‌కు ఒక కన్నే ఉంది. అసిటోఅసిటేట్ అనే కీటోన్‌ను పట్టుకుంటుంది కానీ, ముదిరినప్పుడు ఎక్కువయ్యే బీటా హైడ్రాక్సీబ్యుటిరేట్‌ను పట్టదు. అందుకే వాంతులు, కడుపునొప్పి, ఆయాసం, నోట్లోంచి మగ్గిన పండు వాసన ఉంటే రంగు లేతగా ఉన్నా నమ్మొద్దు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లకు షుగర్ 200 లోపే ఉన్నా ఈ గండం రావచ్చు. గర్భిణికి వాంతులతో కీటోన్లు వచ్చినా అదే రోజు డాక్టర్‌కు చూపించాలి.

ఆస్పత్రికి పోవాల్సి వచ్చి 108కు ఫోన్ చేశాక ఒక కాగితం మీద మూడు ముక్కలు రాసి పెట్టుకోండి: స్ట్రిప్ ఎన్నింటికి ఏ రంగు చూపింది, షుగర్ ఎంత, ఆఖరి ఇన్సులిన్ ఎప్పుడు. డ్యూటీ డాక్టర్ మొదట అడిగేవి అవే.