ఇంట్లో తీపి, కారం సాసులు: ఎప్పుడు దించాలి, దేనితో తినాలి

ఇంట్లో చేసిన సాసు చెడేది ఎక్కువగా దించే దగ్గరే. పొయ్యి మీద కుతకుతలాడుతున్నప్పుడు పలచగా కనిపిస్తుంది, ఇంకో పది నిమిషాలు ఉంచుదాం అనిపిస్తుంది. చల్లారాక చూస్తే గరిట నిలబడిపోతుంది. టమాటా, చింతపండు, ఖర్జూరం, బెల్లం అన్నీ వేడి తగ్గేకొద్దీ బిగుసుకునేవే. అందుకని కింద చెప్పే వాటిలో దినుసుల కొలతకి ఎంత విలువుందో, దించే గుర్తుకీ అంతే విలువ ఇవ్వండి.

మొదలుపెట్టే ముందు ఒక చిన్న స్టీలు పళ్ళెం ఫ్రీజర్లో పెట్టండి. సాసు అయిందో లేదో చూడాలంటే ఆ చల్లటి పళ్ళెం మీద అర చెంచా వేసి, అర నిమిషం ఆగి వంచితే అసలు చిక్కదనం తెలిసిపోతుంది. ఉడికించడానికి అడుగు మందంగా, మూతి వెడల్పుగా ఉన్న స్టీలు గిన్నె కావాలి. ఇనుప మూకుడు, పూత లేని అల్యూమినియం గిన్నె వద్దు. చింతపండు, టమాటాల పులుపు లోహాన్ని తింటుంది, సాసు నల్లబడుతుంది, నాలుక మీద లోహపు రుచి మిగులుతుంది.

టమాటా సాసు

బెంగళూరు బజారులో రెండు రకాల టమాటాలు దొరుకుతాయి. కోలారు వైపు నుంచి లారీల్లో దిగే గట్టి హైబ్రిడ్ రకంలో కండ, రంగు ఎక్కువ. పలచటి తోలుతో గుండ్రంగా ఉండే నాటి రకంలో పులుపు, రసం ఎక్కువ. ఒకటిన్నర కిలో హైబ్రిడ్‌కి అర కిలో నాటి కలిపితే రెండు లాభాలూ దక్కుతాయి. కాయ దోరగా ఉంటే రెండు మూడు రోజులు బయటే బుట్టలో ఉంచి, బాగా ఎర్రబడ్డాక వాడండి. ఫ్రిజ్‌లో పెడితే పండదు, రుచి కూడా చస్తుంది.

ఈ రెండు కిలోలకి ఉల్లిపాయ 50 గ్రాములు, వెల్లుల్లి 4 రెబ్బలు, పంచదార 120 గ్రాములు, ఉప్పు 15 గ్రాములు, వెనిగర్ 60 మిల్లీలీటర్లు, బ్యాడగి కారం (ఎరుపు ఎక్కువ, ఘాటు తక్కువ ఉండే మిర్చి పొడి) ఒక చెంచా. పలచటి బట్టలో కట్టే మసాలా మూటకి 4 లవంగాలు, అంగుళం దాల్చిన చెక్క, ఒక ఏలక్కాయ, 10 మిరియాలు, అర చెంచా జీలకర్ర. లవంగాల తలలు గిల్లి పారేయండి. సీసా మెడ దగ్గర కొన్నాళ్ళకి నల్లటి వలయం కట్టడం చూసే ఉంటారు. మసాలాల్లోని టానిన్ అనే వగరు పదార్థం, ఇనుము, గాలి కలిసినప్పుడు ఏర్పడే నలుపు అది. ఆ టానిన్ లవంగం తలలో ఎక్కువ. ఇనుము తుప్పు పట్టిన మూత నుంచి గానీ గిన్నె నుంచి గానీ వస్తుంది.

టమాటాలన్నీ ఒకేసారి కోసి పెట్టుకోకూడదు. కోసిన క్షణం నుంచి వాటిలోని ఎంజైములు చిక్కదనాన్నిచ్చే పెక్టిన్‌ను విరగ్గొడతాయి. ఆ సాసు ఎంత మరిగించినా పళ్ళెంలో నీరు వదులుతుంది. గిన్నె ముందే వేడెక్కించి, నాలుగైదు కాయలు కోసి వెంటనే అందులో వేసి మూత పెట్టండి. అవి బుసబుసా పొంగాక తర్వాతి నాలుగు. దాదాపు 85 డిగ్రీలు దాటితే ఆ ఎంజైములు పనిచేయవు. ఉల్లిపాయ, వెల్లుల్లి కూడా అందులోనే వేసి, మొత్తం మెత్తబడ్డాక, సుమారు 15 నిమిషాలకి, దించి చల్లార్చి మిక్సీ పట్టి వడకట్టండి. జల్లెడలో తొక్కలు, గింజలే మిగిలేదాకా గరిటతో గట్టిగా నొక్కాలి. ఒకటిన్నర కిలో పైనే గుజ్జు వస్తుంది.

ఇక తూకం. ఖాళీ గిన్నె బరువు ముందే రాసి పెట్టుకోండి. గుజ్జు పోసి, పంచదారలో మూడో వంతు, మసాలా మూట వేసి, మధ్య సెగ మీద కలుపుతూ మరిగించండి. కొద్దిపాటి పంచదార మొదట్లో వేస్తే ఎరుపు నిలుస్తుంది. మొత్తం ముందే వేస్తే అడుగంటి గోధుమ రంగుకి తిరుగుతుంది. ఉప్పు కూడా రంగు పలచబరుస్తుంది కాబట్టి చివరికే ఉంచండి. చిక్కబడేకొద్దీ గుజ్జు చిందుతుంది, అప్పుడు సెగ తగ్గించి జల్లి మూత అడ్డం పెట్టండి. గుజ్జు బరువు 550 గ్రాములకి దిగాక మూట పిండి తీసేసి, మిగతా పంచదార, ఉప్పు, కారం వేయండి. ఐదు నిమిషాలాగి వెనిగర్ పోసి, రెండే రెండు నిమిషాలు ఉడకనివ్వండి. ఎక్కువసేపు మరిగితే వెనిగర్ పులుపు ఆవిరితో పోతుంది, నిలవ ఉంచేది ఆ పులుపే. గంట పైన పడుతుంది, 650 నుంచి 700 గ్రాముల సాసు వస్తుంది.

దించే గుర్తు: పళ్ళెం మీద వేసిన చుక్క చుట్టూ నీటి అంచు కనబడకూడదు. అంచు ఉంటే ఇంకా మరగాలి. అంచు లేకుండా చుక్క కొద్దిగా జారితే సరిగ్గా కుదిరినట్టు. కదలకుండా కూర్చుంటే దాటిపోయింది, రెండు చెంచాల వేడి నీళ్ళు, అర చెంచా వెనిగర్ కలిపి ఒక పొంగు రానివ్వండి.

ఆలూ బోండా, కట్‌లెట్, బ్రెడ్ ఆమ్లెట్ పక్కన ఇది బాగుంటుంది. పునుగులకి మాత్రం కింద చెప్పే అల్లం పచ్చడే జత.

బ్యాడగి ముద్ద: దోసెకీ, మంచూరియాకీ

కర్ణాటకలోని హావేరి జిల్లా బ్యాడగి మిర్చికి 2011లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ముడతలు పడ్డ తొక్క, చిక్కటి ఎరుపు, తక్కువ కారం దాని గుణాలు. గుంటూరు మిరపకాయలతో మాత్రమే చేస్తే రంగు కోసం వేసినన్ని కాయలు నాలుక మంట పుట్టిస్తాయి. 10 బ్యాడగి కాయలకి 2 గుంటూరు కాయలు పాళీ. గింజలు దులిపి, వేడి నీళ్ళలో 20 నిమిషాలు నానబెట్టి, 10 వెల్లుల్లి రెబ్బలు, ఒక పెద్ద చెంచా పుట్నాలపప్పు, ఉసిరిక గింజంత చింతపండు, ముప్పావు చెంచా ఉప్పుతో రుబ్బండి. నానబెట్టిన నీళ్ళు రెండు మూడు చెంచాలకి మించి వాడొద్దు.

బెంగళూరు మసాలా దోసెలో లోపల పూసే ఎర్ర చట్నీ ఇదే. దోసె పైతడి ఆరి, అంచులు లేవబోతున్నప్పుడు ఒక చెంచా ముద్ద వేసి గరిట వెనకతో పలచగా రాయాలి. తడి మీద రాస్తే పిండి చిరుగుతుంది. ముద్ద నీళ్ళగా ఉంటే దోసె కరకరలాడదు.

గోబీ మంచూరియాలో కృత్రిమ రంగులు వాడటాన్ని కర్ణాటక ప్రభుత్వం 2024 మార్చిలో నిషేధించింది. ఆ ఎరుపు ఇంట్లో ఈ ముద్దతోనే తేవచ్చు. వేయించిన పావు కిలో గోబీకి: ఒక పెద్ద చెంచా నూనెలో సన్నగా తరిగిన వెల్లుల్లి, అల్లం, రెండు పచ్చిమిర్చి వేయించి, ఈ ముద్ద ఒక పెద్ద చెంచా వేసి నూనె తేలేదాకా తిప్పండి. టమాటా సాసు మూడు పెద్ద చెంచాలు, సోయా సాసు ఒకటి వేయండి. చెంచాడు కార్న్‌ఫ్లోర్‌ను 60 మిల్లీలీటర్ల చన్నీళ్ళలో కలిపి పోసి, నిగనిగలాడగానే పొయ్యి కట్టేయండి. వెనిగర్ అర చెంచా ఆ తర్వాతే. పులుపుతో కలిసి ఎక్కువసేపు ఉడికితే కార్న్‌ఫ్లోర్ పట్టు వదిలి సాసు మళ్ళీ పలచబడుతుంది. సోయాలోనే ఉప్పుంటుంది, రుచి చూశాకే ఉప్పు సంగతి. గోబీని తినబోయే ముందు కలపండి.

చింతపండు, ఖర్జూరం తీపి సాసు

గింజ తీసిన చింతపండు 100 గ్రాములు, ఖర్జూరం 100 గ్రాములు, బెల్లం 250 గ్రాములు, నీళ్ళు 600 మిల్లీలీటర్లు. చింతపండు, ఖర్జూరం వేడి నీళ్ళలో అరగంట నాని మెత్తబడ్డాక మిక్సీ పట్టి వడకట్టండి. బెల్లాన్ని వేరే గిన్నెలో కరిగించి వడకట్టి కలపాలి, లేకపోతే అడుగున ఇసుక పళ్ళకి తగులుతుంది. అందులో ఒక చెంచా కారం, ఒక చెంచా నల్లుప్పు, అర చెంచా ఉప్పు వేసి 12 నుంచి 15 నిమిషాలు మరిగించండి. వేయించి దంచిన జీలకర్ర రెండు చెంచాలు, శొంఠి పొడి ఒక చెంచా దించాక కలపండి. మరుగుతుండగా వేస్తే జీలకర్ర వాసన సగం పోతుంది.

దించే గుర్తు గరిట వెనక ఉంది. పూత మీద వేలితో గీత గీస్తే అది రెండు క్షణాలు నిలిచి, మెల్లగా మూసుకోవాలి. గీత నిలిచే ఉందంటే ఆలస్యమైంది. చల్లారాక తేనెలా ధారగా పడాలి, జాములా కాదు. మరీ పుల్లగా ఉంటే బెల్లం కంటే ముందు చిటికెడు ఉప్పు వేసి చూడండి, పులుపు కొంత సర్దుకుంటుంది.

పెరుగు వడ మీద, మసాలా పూరి మీద, చీల్చిన మిరపకాయ బజ్జీలో ఉల్లిపాయలతో కలిపి వేసుకోవచ్చు. బెంగళూరు చిరుతిండి నిప్పట్టు మసాలా అయితే ఇంట్లో చెక్కలతోనే చేసుకోవచ్చు. చెక్క మీద క్యారట్ తురుము, ఉల్లి, టమాటా ముక్కలు, పైన అర చెంచా సాసు. అంతకు మించితే చెక్క నానిపోతుంది.

బెల్లం పాకం సాసు, బెంగళూరు లెక్క

గోదావరి జిల్లాల్లో దిబ్బరొట్టెకి చెరుకు పానకం ఎలాగో, కర్ణాటక పడమటి కొండల ప్రాంతమైన మలెనాడులో దోసెకి జోని బెల్ల (పాకంలా జారే బెల్లం) అలాగ. జోని బెల్ల బెంగళూరులో మలెనాడు సరుకులమ్మే కొట్లలో దొరుకుతుంది. దొరకనప్పుడు మండ్య బెల్లంతో దానికి దగ్గరగా ఇంట్లో చేసుకోవచ్చు.

బెల్లం 250 గ్రాములు, నీళ్ళు 100 మిల్లీలీటర్లు. కరిగాక వడకట్టి, చెంచాడు నిమ్మరసం వేసి మరిగించాలి. నిమ్మరసం ఇక్కడ రుచి కోసం కాదు. ఆ పులుపుకి పంచదార కొంత విడిపోయి, నాలుగు రోజులకి సీసాలో పలుకులు కట్టకుండా ఆపుతుంది. అదే కారణంగా మరగడం మొదలయ్యాక గరిట పెట్టి కలపొద్దు, గిన్నె అంచుల మీద చిందిన పాకాన్ని తడిబట్టతో తుడిచేయండి.

థర్మామీటరు వాడేవాళ్ళు ఇక్కడ జాగ్రత్తపడాలి. బెంగళూరు సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. నీళ్ళు ఇక్కడ 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. ధారగా జారే పాకానికి చెన్నైలో, విశాఖలో 104 డిగ్రీలు సరిపోతే, ఇక్కడ 101 దగ్గరే దించాలి. 104 దాకా ఆగితే తీగపాకం వైపు పోయి, చల్లారాక సీసాలోంచి రాదు. ముందు ఒట్టి నీళ్ళు మరిగించి మీ థర్మామీటరు ఎంత చూపిస్తుందో చూసి, దానికి 4 డిగ్రీలు కలుపుకుంటే ఏ ఊళ్ళోనైనా లెక్క కుదురుతుంది. థర్మామీటరు లేకపోతే, చల్లటి పళ్ళెం మీద చల్లార్చిన చుక్కని రెండు వేళ్ళ మధ్య నొక్కి చూడండి. జిగురుగా అంటాలి, తీగ సాగకూడదు. ఏలకుల పొడి, చిటికెడు శొంఠి చివర్లో.

దిబ్బరొట్టె వేడి మీద ముక్క విరిచి ఇందులో ముంచి తినాలి, పైన పోసి ఉంచితే కరకరలాడే అడుగు మెత్తబడుతుంది. పాలతో కలిపి వాడాలనుకుంటే రెండూ చల్లారాకే కలపండి. వేడి పాలలో బెల్లం పడితే విరిగిపోవచ్చు. కొబ్బరి పాలతో ఆ భయం లేదు.

అల్లం పచ్చడి

అల్లం 50 గ్రాములు, చింతపండు 30 గ్రాములు, బెల్లం 70 గ్రాములు, ఎండుమిర్చి 8, పచ్చిశనగపప్పు, మినప్పప్పు ఒక్కో పెద్ద చెంచా, నూనె రెండు పెద్ద చెంచాలు, ఉప్పు చెంచాన్నర. అల్లాన్ని పీచుకి అడ్డంగా పలచటి బిళ్ళలుగా కోయండి. నిలువుగా కోస్తే ఎంత రుబ్బినా పీచు తగులుతుంది. సన్నని సెగ మీద బిళ్ళల అంచులు బంగారు రంగుకి వచ్చేదాకా వేయించాలి. పచ్చిగా ఉంటే ఘాటు గొంతు పట్టుకుంటుంది, నల్లబడితే చేదు, ఆ చేదుని బెల్లం కప్పలేదు. పప్పులు, మిర్చి విడిగా వేయించి, వేడి నీళ్ళలో నానిన చింతపండుతో కలిపి రుబ్బి, బెల్లం చివర్లో వేయండి. పెసరట్టుకి కాస్త గట్టిగా, పునుగులకి, ఇడ్లీకి అయితే కాచిన నీళ్ళతో జారుగా చేసుకోండి. ఆవాలు, కరివేపాకు పోపు తప్పనిసరి.

నిలవ

సీసాలు గాజువే కావాలి. నీళ్ళలో 15 నిమిషాలు మరిగించి, బోర్లించి పూర్తిగా ఆరనిచ్చి, సాసు వేడిగా ఉండగానే నింపి మూత బిగించండి. ఫ్రిజ్‌లో టమాటా సాసు, చింతపండు సాసు నెల రోజులు, బెల్లం పాకం రెండు నెలలు, అల్లం పచ్చడి రెండు వారాలు ఉంటాయి. చింతపండు సాసుని ఐసు ట్రేలో గడ్డకట్టించి ముక్కలుగా దాచుకుంటే, కావలసినప్పుడు రెండు ముక్కలు కరిగించుకుంటే సరిపోతుంది. బూజు చుక్క కనబడితే పైపైన తీసి వాడొద్దు, సీసా మొత్తం పారేయండి.

బ్యాడగి ముద్దలో పచ్చి వెల్లుల్లి ఉంది కాబట్టి దాని సంగతి వేరు. పైన నూనె పోసి బయట ఉంచితే నిలుస్తుందన్న మాట నమ్మొద్దు. నూనె కింద గాలి అందని చోట ప్రమాదకరమైన బొట్యులినం బ్యాక్టీరియా పెరగగలదు, దాని విషానికి వాసన గానీ రంగు గానీ తేడా తెలియకపోవచ్చు. ఫ్రిజ్‌లో నాలుగైదు రోజులు, అంతకు మించి కావాలంటే ఫ్రీజర్లో.