పరుగు పరీక్ష రోజున గుండె దడ: కానిస్టేబుల్ అభ్యర్థులకు జాగ్రత్తలు

దేహదారుఢ్య పరీక్షల రోజు తెల్లవారుజామున మైదానం గేటు దగ్గర నిలబడి చూడండి. నోరు పిడచకట్టుకుపోయి, అరచేతులు చల్లబడి, పది నిమిషాలకోసారి మూత్రానికి వెళ్లివచ్చే కుర్రవాళ్లే ఎక్కువ. ఒక్క అడుగూ పరుగెత్తకముందే గుండె పరుగు మొదలుపెట్టేసింది. కంగారులో విడుదలయ్యే హార్మోన్లైన అడ్రినలిన్, నార్ అడ్రినలిన్‌లే వ్యాయామంలోనూ విడుదలవుతాయి. నడకకు, నెమ్మది పరుగుకు అవి కొద్దిగానే పెరుగుతాయి. మాట తెగిపోయేంత ఆయాసం వచ్చే వేగంలో మాత్రం ఒక్కసారిగా ఎగబాకుతాయి. కొంత మోతాదు వరకు మెదడుకు అది చురుకు. మితిమీరితే ఏ వేగంతో వెళుతున్నామో తెలియదు.

అందుకే ఆ ఉదయం ఎనర్జీ డ్రింకులు వద్దు. కాఫీ అలవాటుంటే రోజూ తాగినంతే తాగండి. ఎవరో తెచ్చిన ‘ఊపునిచ్చే’ మాత్రను దయచేసి ముట్టుకోకండి. అలాంటి ఉత్ప్రేరకాలు అలసటను కప్పిపెట్టి ఒంటి వేడిని పెంచుతాయి, ప్రాణం మీదికి తెస్తాయి.

వార్మప్ పది నిమిషాలు చాలు, పక్కవాడితో మాట్లాడగలిగే వేగంలోనే. దడగా ఉన్నవాళ్లు ఊపిరి నిదానంగా, పొడవుగా వదలండి. నిద్రమత్తు వదలనివాళ్లు మాత్రం చివర్లో రెండు చిన్న పరుగులు వేగంగా తీయండి. పిలుపు ఆలస్యమైతే కూర్చోకుండా అటూ ఇటూ నడవండి.

అసలు ప్రమాదం మొదటి రౌండులో ఉంది. తెలంగాణలో 2022 నోటిఫికేషన్ ప్రకారం పురుషులు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో పూర్తిచేయాలి. 400 మీటర్ల ట్రాక్ మీద రౌండుకు సుమారు 1 నిమిషం 48 సెకన్లు. విజిల్ మోగగానే కాళ్లు దూదిలా తేలిపోతాయి, అందరినీ దాటేయాలనిపిస్తుంది. ఆ తేలిక అడ్రినలిన్ ఇచ్చిన అప్పు. మూడో రౌండులో తొడలు రాళ్లలా బిగుసుకుపోతాయి. సాధనలోనే 200 మీటర్లను 54 సెకన్లలో పరుగెత్తడం కాళ్లకు అలవాటు చేయండి.

పరీక్షకు ముందు వారం రాత్రి పొద్దుపోయాక గట్టిగా పరుగెత్తకండి. ఒళ్లు వేడిగా, గుండె వేగంగా ఉండగా నిద్ర త్వరగా పట్టదు.

పరుగెత్తేటప్పుడు ఎప్పుడైనా ఛాతీనొప్పి వచ్చినా, స్పృహ తప్పినా, కుటుంబంలో చిన్న వయసులో ఎవరైనా హఠాత్తుగా మరణించినా ముందుగా వైద్యుణ్ని కలిసి ఈసీజీ తీయించుకోండి.

గీత దాటగానే కూలబడకండి. పిక్కలు ఆగిపోతే రక్తం కాళ్లలోనే నిలిచి, మెదడుకు తగ్గి, కళ్లు తిరుగుతాయి. కనీసం ఐదు నిమిషాలు నడిచి, ఊపిరి సర్దుకున్నాక నీళ్లు కొద్దికొద్దిగా తాగండి.