టెక్సస్ హైస్కూల్లో పోయిన క్రెడిట్ తిరిగి రావాలంటే: డబ్బు కట్టే ముందు ట్రాన్స్‌క్రిప్ట్ చూడండి

సెమిస్టర్ మార్కులు వచ్చిన వారంలోనే డాలస్ చుట్టుపక్కల మన వాట్సాప్ గ్రూపుల్లో ఒక రకం ప్రకటనలు తిరగడం మొదలవుతుంది. "క్రెడిట్ పోయిందా? రెండు వారాల్లో ఆన్‌లైన్‌లో పూర్తి, ట్రాన్స్‌క్రిప్ట్ గ్యారంటీ." క్రెడిట్ అంటే ఒక కోర్సు పూర్తయినట్టు డిప్లొమా లెక్కలో పడే పాయింటు, ట్రాన్స్‌క్రిప్ట్ అంటే మార్కులు, క్రెడిట్లు అన్నీ ఉండే స్కూలు రికార్డు. కంగారులో ఉన్న అమ్మానాన్నలు అక్కడికక్కడే కార్డు గీకేస్తారు. తీరా ఆ సర్టిఫికెట్ పట్టుకుని వెళ్తే కౌన్సెలర్ అడిగే మొదటి మాట, "ముందు అనుమతి తీసుకున్నారా?" కొందరికైతే ఆ కోర్సు మళ్లీ చదవాల్సిన పనే ఉండదు. వాళ్లకు కావాల్సింది స్కూల్లో ఇచ్చే ఒక పిటిషన్ ఫారం.

ఇక్కడ రాసేదంతా టెక్సస్ సంగతి. వేరే రాష్ట్రాల్లో లెక్కలు వేరు. టెక్సస్‌లో కూడా రాష్ట్ర చట్టం ఒక గీత గీసి వదిలేస్తుంది, మిగతాది ఎవరి ఐఎస్‌డీ (స్థానిక స్కూల్ డిస్ట్రిక్ట్) వాళ్లు రాసుకుంటారు. కాబట్టి డాలస్ పక్కన ప్లేనోలో ఉన్న మీ చెల్లెలి కూతురికి జరిగినట్టే హ్యూస్టన్ పక్కన కేటీలో మీ అబ్బాయికీ జరగాలని లేదు.

తెలిసిన విషయాలు గబగబా చెప్పేస్తాను. డిప్లొమాకు కనీసం 22 క్రెడిట్లు, ఎండార్స్‌మెంట్‌తో (ఒక రంగం ఎంచుకుని అదనపు కోర్సులు చేస్తే) అయితే 26. ఏడాది కోర్సుకు 1 క్రెడిట్, సెమిస్టర్‌కు అర క్రెడిట్. పాస్ మార్కు 70. ఫుట్‌బాల్ ఆడే పిల్లలను అడగండి, 1984 నాటి 'నో పాస్, నో ప్లే' (పాసైతేనే ఆట) చట్టం పుణ్యమా అని ఈ అంకె వాళ్లకు నిద్రలో కూడా గుర్తుంటుంది. మన ఇళ్లలో 35కి పాసైపోయే లెక్కతో పెరిగిన పెద్దవాళ్లం, 68 వచ్చిందంటే "పర్లేదులే, ఫస్ట్ క్లాసే" అనుకుంటాం. ఇక్కడ 68 అంటే ఫెయిలే.

క్రెడిట్ పోయిందని తెలియగానే స్కైవార్డ్, హోమ్ యాక్సెస్ సెంటర్ లాంటి స్కూలు మార్కుల వెబ్‌సైట్లలో కనిపించే మార్కు చూసి ఆగిపోకండి. కౌన్సెలర్‌కు మెయిల్ పెట్టి ట్రాన్స్‌క్రిప్ట్ కాపీ అడగండి. పిల్లల రికార్డులు చూసే హక్కు ఫెర్పా అనే 1974 నాటి ఫెడరల్ చట్టం మీకిచ్చింది. పిల్లలకు 18 నిండితే ఆ హక్కు వాళ్లకు వెళ్తుంది, అప్పుడు మెయిల్ వాళ్లే పెట్టాలి. ఇంగ్లిష్ ఇబ్బందిగా ఉన్న తల్లిదండ్రులు దుబాసీ సాయం అడగవచ్చు, 1964 పౌర హక్కుల చట్టం కింద స్కూళ్లు ఆ ఏర్పాటు చేయాలి. అడగడానికి మొహమాటపడకండి.

ట్రాన్స్‌క్రిప్ట్‌లో చూడాల్సినవి రెండు గడులు: మార్కు, దాని పక్కన క్రెడిట్. మార్కు 70 కంటే తక్కువ ఉండి క్రెడిట్ 0.0 అయితే అది చదువులో పోయిన క్రెడిట్. మార్కు బాగానే ఉండి క్రెడిట్ 0.0 అయితే అది హాజరు వల్ల పోయిన క్రెడిట్. ఈ రెంటికీ దరఖాస్తు వేరు, దారి వేరు. జామెట్రీలో 84 వచ్చి పక్కన సున్నా ఉన్న కాగితం ఒక తల్లి చేతిలో చూశాను. ఆవిడ అప్పటికే జామెట్రీ ఆన్‌లైన్ కోర్సుకు డబ్బు కట్టేసి ఉన్నారు. కారణం చూస్తే డిసెంబరు మొదటి వారంలో తక్కువ ధరకు టికెట్లు దొరికాయని ఇండియా వెళ్లడం.

హాజరు వల్ల పోతే

మనవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

టెక్సస్ విద్యా చట్టం సెక్షన్ 25.092 ప్రకారం ఒక క్లాసు జరిగిన రోజుల్లో 90 శాతం హాజరు ఉంటేనే దానికి క్రెడిట్ ఇవ్వాలి. లెక్క క్లాసు వారీగా ఉంటుంది. ఒక సెమిస్టర్‌లో ఆ క్లాసు 88 రోజులు జరిగిందనుకుందాం. 8 రోజులు పోయినా 90 పైనే ఉంటారు, తొమ్మిదో రోజుతో కిందికి జారిపోతారు. రోజు విడిచి రోజు క్లాసు నడిచే బ్లాక్ షెడ్యూల్ స్కూళ్లలో అదే క్లాసు 44 సార్లే ఉంటుంది, అక్కడ ఐదో గైర్హాజరుతోనే గీత దాటిపోతారు. ఉదయం డెంటిస్టు అనో మరొకటనో ఒకే పీరియడ్ పదే పదే పోగొట్టుకునే పిల్లలకు ఆ ఒక్క క్లాసులోనే క్రెడిట్ ఆగడం కూడా చూస్తుంటాం.

75 నుంచి 90 మధ్యలో ఉంటే ప్రిన్సిపాల్ ఆమోదించిన ప్రణాళిక పూర్తి చేసి క్రెడిట్ తెచ్చుకోవచ్చు. శనివారం తరగతులు, స్కూలు అయ్యాక ట్యూటరింగ్ గంటలు, మిగిలిపోయిన అసైన్‌మెంట్లు, ఇలా ఏదైనా ఉండవచ్చు. 75 కంటే తగ్గితే, లేదా ప్రణాళిక పూర్తి కాకపోతే, అటెండెన్స్ కమిటీకి పిటిషన్ పెట్టాలి. ఆ కమిటీలో ఎక్కువమంది క్లాసులో పాఠాలు చెప్పే టీచర్లే ఉండాలన్నది చట్టం. అంటే మీ కాగితం చదివేది లాయర్లు కాదు, రోజూ పిల్లలను చూసే మనుషులు. ఇది కాస్త ధైర్యమిచ్చే విషయమే.

ఇంకొక మాట, దీన్ని గట్టిగా పట్టుకోండి. గైర్హాజరు వల్ల పోయిన క్రెడిట్‌ను తిరిగి సంపాదించుకునే మార్గాల్లో కనీసం ఒకటి ఫీజు లేనిదై ఉండాలని అదే చట్టం చెబుతోంది. "డబ్బు కడితేనే" అని ఎవరైనా అంటే "ఫీజు లేని మార్గం ఏదో చెప్పండి" అని మెయిల్‌లో అడగండి. ఫోన్లో అడిగితే రికార్డు మిగలదు.

గడువు జాగ్రత్త. చాలా ఐఎస్‌డీల విధానంలో చివరి తరగతి రోజు తర్వాత 30 రోజుల్లోపు పిటిషన్ పెట్టాలి. మీ ఐఎస్‌డీ వెబ్‌సైట్‌లో బోర్డు పాలసీ పేజీ తెరిచి 'ఎఫ్‌ఈసీ' అనే కోడ్ వెతకండి. 'లీగల్' అని ఉన్నది రాష్ట్ర చట్టం, 'లోకల్' అని ఉన్నది మీ జిల్లా రాసుకున్నది. గడువు, కమిటీ చూసే అంశాలు లోకల్‌లో ఉంటాయి. అది చదవడానికి పది నిమిషాలు చాలు, ఏ కన్సల్టెంటూ అక్కర్లేదు.

పిటిషన్‌లో ఏం పెట్టాలి? తప్పనిసరి పరిస్థితి ఏమిటో తేదీలతో ఒక పేజీలో రాయండి. తాతయ్య పోయారని వెళ్తే మరణ ధ్రువపత్రం, అది తెలుగులోనే ఉంటే ఇంగ్లిష్ అనువాదం. పిల్లాడికి అక్కడ డెంగీ వచ్చి ఆసుపత్రిలో ఉంటే డిశ్చార్జ్ సమ్మరీ. ఓపీ చీటీ మీద డాక్టరు గీసిన రెండు గీతలు ఎవరికీ అర్థం కావు, అది చాలదు. తిరుగు ప్రయాణం వాయిదా పడితే పాత టికెట్, కొత్త టికెట్ రెండూ జతచేయండి. వెళ్లే ముందు టీచర్లకు పెట్టిన మెయిళ్లు, తిరిగొచ్చాక పూర్తిచేసిన హోంవర్కు కూడా పెట్టండి, కమిటీకి అవి చాలా చెబుతాయి.

పెళ్లికి వెళ్లామని రాస్తే? మేనమామ పెళ్లి మనకు తప్పనిసరే, కమిటీకి మాత్రం తేలిగ్గా అలా కనిపించదు. అబద్ధం రాయకండి. నిజం రాసి, ప్రిన్సిపాల్ ప్రణాళిక దారిలో గంటలు పూర్తిచేయడానికి సిద్ధమని రాయండి. సాధారణంగా అదే పనిచేస్తుంది. హైదరాబాద్ నుంచి వెనక తేదీతో మెడికల్ సర్టిఫికెట్ తెప్పిస్తామనే వాళ్లు ఉన్నారు. క్రెడిట్ పోతే సమ్మర్లో దొరుకుతుంది, దొంగ కాగితం దొరికితే పిల్లాడి మీద పడే మచ్చ వేరు.

పండుగ సెలవుల సంగతి: మతపరమైన పర్వదినానికి మానితే ఆ గైర్హాజరును స్కూలు మన్నించాలి, దానికి పిల్లలను శిక్షించకూడదు. కానీ మీరు ముందుగా రాసి పంపకపోతే దీపావళి రోజు కూడా మామూలు ఆబ్సెంటుగానే పడుతుంది.

కమిటీ కాదంటే ఐఎస్‌డీ బోర్డుకు అప్పీలు ఉంది. ఆ తర్వాత కోర్టు కూడా ఉంది గానీ అంతదాకా వెళ్లినవాళ్లు నాకు తెలిసినవాళ్లలో లేరు.

మార్కుల వల్ల పోతే

ముందు సగటు చూసుకోండి. ఏడాది కోర్సులో ఒక సెమిస్టర్ తప్పి, రెండూ కలిపి సగటు 70 వస్తే పూర్తి క్రెడిట్ ఇవ్వాలన్నది రాష్ట్ర నియమం. ఫాల్‌లో (మొదటి సెమిస్టర్) 64, స్ప్రింగ్‌లో (రెండో సెమిస్టర్) 78 అయితే సగటు 71, మొత్తం 1 క్రెడిట్ వచ్చేసినట్టే. స్ప్రింగ్‌లో 74 అయితే సగటు 69, స్ప్రింగ్ అర క్రెడిట్ మాత్రమే దక్కుతుంది. డిసెంబరులో 64 చూసి జనవరిలోనే ఆన్‌లైన్ కోర్సుకు పరుగెత్తేవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పరు, చెబితే కోర్సు అమ్ముడుపోదు.

సగటు రాకపోతే మూడు దారులు. సమ్మర్ స్కూల్, స్కూల్లోనే కంప్యూటర్ మీద చేసే క్రెడిట్ రికవరీ కోర్సు, లేదా క్రెడిట్ బై ఎగ్జామ్, అంటే ఒక పరీక్ష రాసి క్రెడిట్ తెచ్చుకోవడం. కోర్సు చదివి తప్పినవాళ్లకు ఆ పరీక్షలో 70 చాలు. అసలు చదవకుండా నేరుగా రాసేవాళ్లకు 80 కావాలి, ఒక కోర్సుకు రెండుసార్లకు మించి రాయనివ్వరు. చాలా చోట్ల టెక్సస్ టెక్ యూనివర్సిటీ, యూటీ ఆస్టిన్ తయారుచేసిన ప్రశ్నపత్రాలే వాడతారు. కాలేజీలో ఆటలు ఆడాలనుకునే పిల్లలు ఒకటి గమనించాలి, పరీక్షతో తెచ్చుకున్న క్రెడిట్‌ను కాలేజీ ఆటలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ లెక్కలోకి తీసుకోదు.

బయటి సంస్థలో కోర్సు చేయాలంటే చేరకముందే కౌన్సెలర్ సంతకంతో అనుమతి ఫారం తీసుకోండి. అందులో సంస్థ పేరు, కోర్సు పేరు, సెమిస్టర్ 'ఏ' నా 'బీ' నా అన్నది స్పష్టంగా ఉండాలి. పోయింది ఫాల్ సగమైతే స్ప్రింగ్ సగం చేసి లాభం లేదు. కొత్త మార్కు జీపీఏలో (మొత్తం గ్రేడ్ల సగటు) కలుస్తుందా, పాత ఎఫ్ (ఫెయిల్ గ్రేడ్) అలాగే ఉంటుందా అన్నది ఒక్కో ఐఎస్‌డీలో ఒక్కోలా ఉంటుంది, అదే మెయిల్‌లో అడిగేయండి. ఆల్జీబ్రా 1, ఇంగ్లిష్ 1, ఇంగ్లిష్ 2, బయాలజీ, యూఎస్ హిస్టరీ అయితే కోర్సు క్రెడిట్ వేరు, రాష్ట్రం పెట్టే స్టార్ పరీక్ష వేరు. ఒకటి వచ్చిందని రెండోది మాఫీ కాదు.

టీచరు తప్పు మార్కు వేశారనిపిస్తే గొడవకు దిగేముందు ఒకటి తెలుసుకోండి. టీచరు ఇచ్చిన మార్కే ఖాయం అంటుంది చట్టం. ఇష్టానుసారం వేసిందని గానీ, పొరపాటని గానీ, జిల్లా గ్రేడింగ్ పాలసీకి విరుద్ధమని గానీ బోర్డు తేలిస్తేనే మారుతుంది. "మా వాడు బాగా చదువుతాడు" అన్న వాదనకు అక్కడ విలువ లేదు. 'ఈఐఏ' కోడ్ కింద ఉన్న పాలసీలో తప్పిన అసైన్‌మెంటును మళ్లీ చేయనిస్తారో లేదో చూసి, ఆ వాక్యం చూపించి అడగండి.

ఇండియా నుంచి కొత్తగా వచ్చినవాళ్లకు

మనవాళ్లు భద్రంగా తెచ్చేది పదో తరగతి మెమో. ఇక్కడ హైస్కూల్ తొమ్మిదితో మొదలవుతుంది. తొమ్మిదో తరగతి ప్రోగ్రెస్ రిపోర్టు స్కూలు ముద్రతో లేకపోతే ఆ ఏడాది క్రెడిట్లు గాల్లో ఉంటాయి. అప్పుడు పైన చెప్పిన క్రెడిట్ బై ఎగ్జామ్ పరీక్షలు రాయాల్సి రావచ్చు. విమానం ఎక్కకముందే ఆ స్కూల్లో సబ్జెక్టుల వారీ మార్కులు లెటర్‌హెడ్ మీద రాయించుకోండి. తెలుగును విడి సబ్జెక్టుగా చూపించమనండి, ఇతర భాషల కోటాలో కావాల్సిన 2 క్రెడిట్లకు దాన్ని లెక్కిస్తారేమో అడగడానికి ఆధారం ఉంటుంది.

పన్నెండో తరగతి పిల్లలున్న ఇళ్లలో ఈ లెక్క ఆగస్టులోనే చూసుకోవాలి. చివరి సెమిస్టర్ క్రెడిట్ ఆగిందని మే నెలలో తేలితే, పిటిషన్ పెట్టిన రోజే కాలేజీ అడ్మిషన్స్ ఆఫీసుకు కూడా ఫైనల్ ట్రాన్స్‌క్రిప్ట్ ఆలస్యమవుతుందని మెయిల్ పెట్టండి. దాచిపెట్టి జులైలో చెప్పేకంటే వాళ్లకు ముందే తెలిస్తే గడువు అడగడం తేలిక.