ఇల్లు అమ్మి విదేశం వెళ్తున్నారా? టికెట్ బుక్ చేసేముందు ఇవి చూసుకోండి

అమ్మకం తేలకముందే వెళ్లాల్సి వస్తే, నమ్మకమైన మనిషికి ఇక్కడే జీపీఏ (మీ తరఫున అమ్మే అధికారం ఇచ్చే పత్రం) రిజిస్టర్ చేయించండి. అక్కడికెళ్లాక అంటే కాన్సులేట్ అటెస్టేషన్, కాగితం ఇక్కడికి చేరిన 3 నెలల్లోపు స్టాంపింగ్ (స్టాంపు డ్యూటీ కట్టడం). ఈలోగా కొనేవాళ్లు జారిపోతారు.

ఇంటిపన్ను రసీదు ఎవరి పేరున ఉంది? హన్మకొండలో మా రసీదు మీద చనిపోయిన నాన్న పేరే ఉండిపోయింది. బ్యాంకు లాయరు ఆ పేరు కింద పెన్సిల్ గీత గీసి ఫైలు వెనక్కి పంపాడు. మ్యుటేషన్ (రికార్డుల్లో యజమాని పేరు మార్పు) అయ్యేదాకా కొనేవాళ్ల లోన్ కదల్లేదు. "ఇంకా కాలేదా బిడ్డా?" అని అమ్మ రోజూ అడిగేది. ఆ టెన్షన్ మీకొద్దు.

అగ్రిమెంట్‌లో గడువు తేదీ రాయించండి. లేకపోతే కొద్దిపాటి అడ్వాన్స్‌తో నెలలు గడుస్తాయి.

50 లక్షలు, ఆపైన ధర పలికే ఇంటికి మామూలుగా టీడీఎస్ (కొనేవాళ్లు ధరలోంచి పట్టుకుని ప్రభుత్వానికి కట్టే పన్ను) 1 శాతమే. ఎన్ఆర్ఐ అయ్యాక అంతకు ఎన్నో రెట్లు. ఆడిటర్‌ను ముందే అడగండి.

లింక్ డాక్యుమెంట్లు (ఇల్లు చేతులు మారిన పాత పత్రాలు), ఈసీ (ఇంటి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రం) ఇప్పుడే తీసిపెట్టుకోండి.