వైన్ రుచి నేర్చుకుందాం – 5: పీపా పెట్టిన వాసన

పోయిన పాఠంలో వగరు దగ్గర ఆగాం. కరక్కాయ కొరికితే నోరు పట్టేస్తుందే, అదే వగరు ద్రాక్ష తొక్కల్లోంచీ గింజల్లోంచీ వైన్‌లోకి దిగుతుంది. వైన్‌ను నిల్వపెట్టే ఓక్ చెట్టు చెక్క పీపాలోంచీ దిగుతుంది. ఏది ఎక్కడిదో చెప్పగలగడమే ఈ వారం పని. సీసా అప్పుడే తెరవకండి, ముందు వంటింట్లోకి రండి.

పాలు, పంచదార లేకుండా రెండు కప్పుల టీ డికాక్షన్ పెట్టండి. మొదటిదాన్ని రెండు నిమిషాలకే వడకట్టండి, రెండోదాన్ని పది నిమిషాలు మరగనివ్వండి. చల్లారాక ఒక్కో గుక్క నోట్లో తిప్పితే రెండోది చిగుళ్ళను పట్టేస్తుంది. ఇప్పుడు దాంట్లో రెండు లవంగాలు వేసి, అరగంట మూతపెట్టి, వాసన చూడండి. లవంగానికి ఆ ఘాటు ఇచ్చేది యూజినాల్ అనే రసాయనం. ఓక్ చెక్కలోనూ ఉండేది అదే. పీపాలో ఉంచిన వైన్‌లో తగిలే ఎండుకొబ్బరి వాసన చెక్కలోని ఓక్ లాక్టోన్లు అనే పదార్థాలది, అమెరికా ఓక్‌లో ఎక్కువ. పొగవాసన ఎక్కడిదంటారా? పీపా చేసేటప్పుడు లోపలివైపు మంట మీద కాలుస్తారు. నేను మొదట్లో ఆ కొబ్బరి వాసన కూడా ద్రాక్షదేననుకుని నోట్‌బుక్‌లో రాసేసుకున్నాను.

ఇక సీసా. ఈ పాఠానికి నేను తీసుకున్నది పోర్చుగల్‌లోని అలెంతేజు ప్రాంతపు ఎర్ర వైన్, కర్తూషా. ఎవోరా ఊరి అంచున 1587లో స్థాపించిన, కార్తూషియన్లనే క్యాథలిక్ సన్యాసుల మఠం పేరు అది. మౌనవ్రతులు వాళ్ళు. మఠం అసలు పేరు లాటిన్‌లో ‘స్కాలా చేలి’, స్వర్గానికి నిచ్చెన. 1834లో పోర్చుగల్ మగ సన్యాసుల మఠాలన్నీ రద్దుచేసింది. 1960లో సన్యాసులు తిరిగొచ్చారు, 2019లో చివరివాళ్ళూ వెళ్ళిపోయారు. ఇప్పుడు వైన్ తీసేది ఒక ఫౌండేషన్. ఆ ఫౌండేషన్ పాత వైన్‌శాల మాత్రం ఒకప్పుడు జెస్యూట్లనే మరో క్యాథలిక్ సంఘం వాళ్ళ ఇల్లు. పేరు ఒకరిది, గోడలు ఇంకొకరివి!

ఇందులో పడే ద్రాక్షల్లో అలికాంతే బూషే ఒకటి. మన నల్లద్రాక్ష తొక్క ఒలిస్తే లోపల లేత ఆకుపచ్చగా ఉంటుంది కదా, దీని గుజ్జు కూడా ఎర్రనే. గ్లాసులో ఆ ముదురు రంగు చూసి ‘పీపాలో బాగా నానింది’ అనుకోకండి, అది పండు రంగు.

మన వేసవిలో ‘గది ఉష్ణోగ్రత’ మాట నమ్మొద్దు. ఫ్రిజ్‌లో పెట్టి, 16–18 డిగ్రీలకు దిగాక పోసుకోండి. గ్లాసు కదపకుండా ఒకసారి వాసన చూడండి, తిప్పి మరోసారి. లవంగం, వెనిల్లా, పొగ తగిలితే చెక్క. మగ్గిన నేరేడులాంటిది తగిలితే పండు. రెండు వగర్లనూ నాలుకతో విడదీయగలం అనేవాళ్ళ మాట నాకు నమ్మబుద్ధి కాదు, ముక్కుతోనే సులువు. పైగా పీపా రెండు పనులు చేస్తుంది: తన వగరు కొంత కలుపుతుంది, చెక్క గుండా సన్నగా లోపలికొచ్చే గాలితో పండు వగరును మెత్తబరుస్తుంది. పదే పదే వాడిన పీపాలో వాసనలు పలచబడతాయి, గాలి పని మాత్రం సాగుతూనే ఉంటుంది.

సీసా ఖాళీ చేయకండి. సగం మిగిల్చి, బిరడా బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి. రేపు ఇదే వేళకు మళ్ళీ వాసన చూసి, ముందు తగిలింది పండో చెక్కో రాసిపెట్టుకోండి. ఆరో పాఠం ఆ కాగితంతోనే మొదలవుతుంది.