లినక్స్ స్వయంబోధిని, ఏడో పాఠం: ఫైలు ఎవరి పేరున ఉంది?

గత పాఠంలో చదవడం, రాయడం, నడపడం అనే మూడు అనుమతులను చూశాము. ఆ అనుమతులన్నీ సక్రమంగా ఉన్నప్పటికీ, కొత్త వెర్షన్ వేసుకున్న వెంటనే సొంత ఫోల్డరే తెరుచుకోని పరిస్థితి ఒకటి ఎదురవుతుంది. ఈ పాఠం దాని గురించే.

సెంటాస్ అనే లినక్స్ రకంలో 6వ వెర్షన్ నడుస్తున్న కంప్యూటరులో హోమ్ పార్టిషన్‌ను (వాడుకరుల సొంత ఫైళ్ళుండే డిస్కు భాగాన్ని) కదిలించకుండా, మిగిలినదంతా చెరిపి సెంటాస్ 7 వేశామనుకుందాం. పాత పేరుతోనే ఖాతా సృష్టించుకున్నా, పాస్‌వర్డు కొట్టగానే డెస్క్‌టాప్ రాకుండా లాగిన్ తెరే మళ్ళీ ప్రత్యక్షమవుతుంది. డిస్కుపై ఫైలు వెంట నమోదయ్యేది యజమాని పేరు కాదు. యూజర్ ఐడీ, గ్రూప్ ఐడీ అనే రెండు సంఖ్యలు మాత్రమే. ఏ సంఖ్యది ఏ పేరో చెప్పేవి ఈటీసీ డైరెక్టరీలోని పాస్‌వర్డ్, గ్రూప్ ఫైళ్ళు. (మొదటిదాని పేరు చూసి మోసపోవద్దు, పాస్‌వర్డులు ఏనాడో అక్కడి నుంచి షాడో ఫైలుకు మారాయి.) సెంటాస్ చెందిన రెడ్ హ్యాట్ కుటుంబంలో 6వ వెర్షన్ దాకా మామూలు వాడుకరుల సంఖ్యలు 500 నుంచి మొదలయ్యేవి, 7వ వెర్షన్ నుంచి 1000తో మొదలవుతున్నాయి. ఫైళ్ళు 500 పేరిట ఉండగా మీరు 1000గా వచ్చి తలుపు తడుతున్నారు. గుమ్మం మీద పేరు మీదే అయినా పట్టా వేరే నంబరు మీద ఉన్నట్టన్నమాట.

నిర్ధారించుకోవడం సులభం. రూట్‌గా, అంటే సర్వాధికారాలున్న ఖాతాతో ప్రవేశించి, హోమ్ డైరెక్టరీలో ఎల్‌ఎస్ ఆజ్ఞను ‘-ఎల్’ తో నడపండి. మూడో, నాలుగో గడుల్లో పేర్లు ఉండవలసిన చోట ‘500 500’ అని ఒట్టి అంకెలు కనిపిస్తే లోపం దొరికినట్టే. ఇలా దిక్కులేకుండా మిగిలిన ఫైళ్ళన్నిటినీ ఫైండ్ ఆజ్ఞకు ‘-నోయూజర్’ చేర్చి ఒక్కసారిగా రాబట్టవచ్చు.

ఖాతా సంఖ్యనే 500కు దించేస్తే సరిపోదా అని కొందరు అడుగుతారు. కొత్త వెర్షన్‌లో 1000కి దిగువన ఉన్నవి సిస్టమ్ ఖాతాలకు కేటాయించినవి కనుక, ఫైళ్ళను మార్చడమే మేలని నా అభిప్రాయం. ఫైండ్‌కు ‘-యూఐడీ 500’ అని చెప్పి, దొరికిన ప్రతి ఫైలు మీద, యజమానిని మార్చే చౌన్ ఆజ్ఞను ‘చౌన్ -హెచ్ 1000’ అని నడిపించండి. ఆ ‘-హెచ్’ లేకపోతే సింబాలిక్ లింకుకు (మరో ఫైలుకు దారి చూపే గుర్తుకు) బదులు అది చూపించే ఫైలు యాజమాన్యం మారిపోతుంది. గ్రూపు సంఖ్యను ఇదే పద్ధతిలో, ‘-జీఐడీ 500’ తో వెతికి, విడిగా మార్చాలి. మార్చే ముందు జాబితాను ఒకసారి తెరపై చదువుకోవడం మరువకండి. విసుగెత్తి అన్నిటికీ పైనుండే రూట్ డైరెక్టరీ మీదే చౌన్‌ను, లోపలివన్నీ మార్చే ‘-ఆర్’ తో నడిపితే, రూట్ అధికారంతో ఆజ్ఞలు నడిపించే సుడో వంటి ప్రోగ్రాములకు ఉండే సెట్‌యూఐడీ గుర్తు (ఎవరు నడిపినా ప్రోగ్రాము తన యజమాని అధికారంతో నడిచేలా చేసేది) చెరిగిపోతుంది. ఆ తరువాత మరమ్మతుకు కావలసిన పనిముట్టే చేతిలో ఉండదు.

ఇంతకంటే తికమకపెట్టే సందర్భం మరొకటి ఉంది. ఉబుంటులో తండ్రి ఖాతా 1000, కూతురి ఖాతా 1001 అనుకోండి. కొత్తగా వేసినప్పుడు కూతురి ఖాతాను ముందు సృష్టిస్తే ఆ సంఖ్యలు తారుమారవుతాయి. రెండు సంఖ్యలకూ యజమానులు ఉన్నారు కనుక ‘-నోయూజర్’ ఏమీ పట్టుకోలేదు. ఇద్దరూ వాడే ఫొటోల ఫోల్డరులో తండ్రి ఫైళ్ళన్నీ కూతురి పేరున కనిపిస్తాయి. ఇక్కడ 1000వాటిని నేరుగా 1001కి మార్చారంటే రెండు కుప్పలూ ఒకటైపోతాయి, విడదీసే ఆధారం మిగలదు. రెండు గ్లాసుల్లోని పాలను, మజ్జిగను మార్చుకోవడానికి మూడో గ్లాసు కావలసినట్టే, ఎవరికీ చెందని 5000 వంటి సంఖ్య ఇక్కడ అవసరం: ముందు 1000వాటిని 5000కు, తరువాత 1001వాటిని 1000కి, చివరకు 5000వాటిని 1001కి మార్చాలి.

ఇక గ్రూపు సభ్యత్వాల విషయం. పాత ఖాతాకు ఉన్న అదనపు గ్రూపులు కొత్త ఖాతాకు వాటంతట అవి రావు. ఖాతా వివరాలను మార్చే యూజర్‌మాడ్ ఆజ్ఞకు ‘-ఏజీ’ ఇచ్చి చేర్చాలి. అందులోని ‘ఏ’ మరిచిపోతే కొత్త గ్రూపు చేరి, మిగిలిన అదనపు గ్రూపులన్నీ పోతాయి. చేర్చాక లాగౌట్ అయి మళ్ళీ ప్రవేశించే దాకా మార్పు అమలులోకి రాదు.

అభ్యాసం: ఒక ప్రయోగ యంత్రంలో రెండు ఖాతాలను, వాటి మధ్య ఒక ఉమ్మడి ఫోల్డరును సృష్టించి, రెండింటి సంఖ్యలనూ కావాలనే తారుమారు చేసి, 5000 సాయంతో సరిదిద్దండి.