స్కూల్ సైట్‌లో క్యాలెండర్ తప్పినా, లాగిన్ మొరాయించినా

ఇవి వర్డ్‌ప్రెస్ అనే సైట్ తయారీ సాఫ్ట్‌వేర్‌తో చేసి, గూగుల్ క్యాలెండర్ తగిలించిన స్కూల్ సైట్లలో తరచూ వచ్చే తలనొప్పులు.

సమస్య: ఉదయం 9 గంటల పేరెంట్స్ మీటింగ్ సైట్‌లో తెల్లవారుజామున 3:30కి కనిపిస్తోంది.

కారణం: సైట్ టైమ్‌జోన్ యూటీసీలోనే, అంటే మన టైమ్ కంటే ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక సమయంలోనే ఉండిపోయింది. తేడా సరిగ్గా ఐదున్నర గంటలైతే ఇంకెక్కడా వెతకక్కర్లేదు.

పరిష్కారం: వర్డ్‌ప్రెస్ సెట్టింగ్స్‌లో జనరల్ తెరిచి టైమ్‌జోన్‌ను కోల్‌కతాకు మార్చండి. జాబితాలో హైదరాబాద్ ఉండదు, కంగారు పడకండి. గూగుల్ క్యాలెండర్‌కి టైమ్‌జోన్ విడిగా ఉంటుంది, దాన్నీ సరిచూడండి. ఆ తర్వాత పాత ఈవెంట్లు ఒకటి రెండు తెరిచి చూడండి. కొన్ని ప్లగిన్లు (సైట్‌కు అదనంగా తగిలించే చిన్న ప్రోగ్రాములు) వాటిని పాత టైమ్‌తోనే ఉంచేస్తాయి.

సమస్య: సంక్రాంతి సెలవులు 18 వరకు అని ఐసీఎస్ ఫైల్ (ఈవెంట్లను ఒకేసారి క్యాలెండర్‌లోకి ఎక్కించే ఫైల్) ఎక్కిస్తే 17తోనే ఆగిపోయాయి.

కారణం: ఆ ఫైల్లో రోజంతా ఉండే ఈవెంట్‌కు రాసే ముగింపు తేదీ లెక్కలోకి రాదు.

పరిష్కారం: 19 అని రాయండి. తెర మీద చేత్తో నమోదు చేసేటప్పుడు మాత్రం 18 అనే ఇవ్వాలి.

సమస్య: మీకు క్యాలెండర్ బాగానే కనిపిస్తోంది, తల్లిదండ్రులకు ఖాళీగా వస్తోంది.

కారణం: మీరు లాగిన్ అయి ఉన్నారు, వాళ్లు లేరు. క్యాలెండర్ ఇంకా ప్రైవేట్‌గానే ఉంది.

పరిష్కారం: గూగుల్ క్యాలెండర్ షేరింగ్‌లో పబ్లిక్ చేసి, ఇన్‌కాగ్నిటో విండోలో తెరిచి చూసుకోండి. స్కూల్ మెయిల్ ఖాతాలో ఆ ఆప్షన్ నొక్కడానికి రాకపోతే అడ్మిన్ బయటి షేరింగ్‌ను ఆపి ఉంటారు. పబ్లిక్ చేసే ముందు అందులో పిల్లల పేర్లు, ఫోన్ నంబర్లు లేవని చూసుకోండి. స్టాఫ్ విషయాలకు వేరే క్యాలెండర్ పెట్టుకోవడమే మేలు.

సమస్య: బదిలీ అయిన టీచర్ ఖాతా తీసేశాక వార్షికోత్సవం పోస్టులు, ఫోటోలు కూడా పోయాయి.

కారణం: యూజర్‌ను తొలగించేటప్పుడు వర్డ్‌ప్రెస్ ఒక ప్రశ్న అడుగుతుంది: అతని కంటెంట్ కూడా తీసేయాలా, వేరొకరి పేరు మీదికి మార్చాలా? నేను చూసే ఒక స్కూల్లో హడావుడిగా మొదటిదే నొక్కారు. నిజం చెప్పాలంటే ఆ వేలు నాదే.

పరిష్కారం: వెంటనే ట్రాష్ చూడండి. పోస్టులు మామూలుగా 30 రోజులు అక్కడ ఉంటాయి. ఫోటోలకు మాత్రం బ్యాకప్పే దిక్కు. ఇకపై ఎవరు వెళ్లిపోయినా ఖాతాను తొలగించకుండా, రోల్‌ను (సైట్‌లో ఉండే అధికారాన్ని) అన్నిటికంటే తక్కువదైన సబ్‌స్క్రైబర్‌కు దించి పాస్‌వర్డ్ మార్చేయండి. అప్పటికే ఎవరి ఫోన్లోనైనా లాగిన్ అయి ఉన్నా అదీ తెగిపోతుంది. క్యాలెండర్ ఆ టీచర్ సొంత జీమెయిల్‌లో ఉంటే ఇంకా చిక్కు. మనిషి ఇంకా స్కూల్లో ఉండగానే స్కూల్ ఖాతాకు పూర్తి అనుమతి ఇప్పించుకోండి, వెళ్లాక బతిమాలుకోవాల్సి వస్తుంది.

సమస్య: పాస్‌వర్డ్ రీసెట్ మెయిల్ రావడం లేదు.

కారణం: హోస్టింగ్ సర్వర్ (సైట్ ఉండే కంప్యూటర్) నేరుగా పంపే మెయిల్‌ను జీమెయిల్ లాంటి సర్వీసులు చాలాసార్లు స్పామ్‌లో పడేస్తాయి, లేదా అసలు తీసుకోవు.

పరిష్కారం: సైట్ మెయిల్‌ను అసలైన మెయిల్ ఖాతా ద్వారా పంపే ఎస్‌ఎమ్‌టీపీ ప్లగిన్ పెట్టి స్కూల్ మెయిల్‌తో కలపండి. అందాకా అడ్మిన్ యూజర్స్ పేజీలోకి వెళ్లి కొత్త పాస్‌వర్డ్ ఇవ్వవచ్చు. తొందర పనని అడ్మిన్ పాస్‌వర్డే స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో పెట్టేయకండి. రేపు ఎవరో ఈవెంట్ చెరిపేస్తే ఎవరని తెలియదు. ఈవెంట్లు పెట్టే టీచర్లకు ఎడిటర్ రోల్ సరిపోతుంది.